హేమంత ఋతుచర్య: సబ్బవరం తోటలో నేర్చుకున్న పాఠం

ఋతువు మారినప్పుడు దుస్తులు మార్చుకోవడం మనకు తెలుసు. కానీ ఆహారాన్ని, నిద్రను, శ్రమను మార్చుకోవాలన్న విషయం పట్టణవాసులమైన మనం దాదాపు మరచిపోయాం. ఏడాది పొడవునా అవే ఇడ్లీలు, అదే వేళకు కాఫీ, అదే కుర్చీ, అదే పంకా. హేమంతం వచ్చినట్లు మనకు తెలిపేది పెదవులు పగలడం, మోకాళ్ళు పట్టేయడం మాత్రమే. అటువంటి జీవితానికి అలవాటుపడిన మేము 2024 సంక్రాంతి సెలవుల్లో పది రోజులు సబ్బవరం సమీపంలోని ఒక తోటలో గడిపాము. అక్కడ ఋతుచర్యను కళ్ళారా చూశాను. దానిని సగమే అర్థం చేసుకొని ఆచరిస్తే ఎంత ప్రమాదమో కూడా తెలుసుకున్నాను. ఆ రెండూ పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. గృహవైద్యంపై ఆసక్తితో పాతికేళ్ళుగా గ్రంథాలు చదువుతూ, ఇంట్లోవారికి, ఇరుగుపొరుగువారికి చిన్నచిన్న చిట్కాలు చెబుతూ వస్తున్నాను. మావారు విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు షిఫ్టుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వయస్సు 64. సన్నని శరీరం. పన్నెండేళ్ళుగా మధుమేహం ఉంది. మాత్రలతో అదుపులోనే ఉంటోంది. మా నివాసం గాజువాక.

తోట ఎక్కడ, ఎలా ఉంది?

సబ్బవరం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అనకాపల్లి – ఆనందపురం జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. రహదారి పక్కన ఇళ్ళ స్థలాల రాళ్ళు, సిమెంటు కట్టడాలు పెరుగుతున్నా, నాలుగడుగులు లోపలికి వెళితే ఎర్రనేలలు, జీడిమామిడి తోపులు, సరుగుడు తోటలు, తాటిచెట్లు ఇంకా కనబడతాయి.

మా పినతల్లి కుమార్తె, ఆమె భర్త, మరి నాలుగు కుటుంబాలవారు కలిసి అక్కడ కొంత భూమి తీసుకొని ఉమ్మడిగా సేద్యం చేసుకుంటున్నారు. అందరూ మనవంటి మధ్యతరగతివారే. ఇద్దరు బ్యాంకులో, ఒకరు తపాలా శాఖలో పనిచేసి వచ్చినవారు. ఈ తోట మీద వచ్చే ఆదాయంతోనే బ్రతుకుతున్నామని వారు చెప్పరు. పింఛను ఉంది కనుకనే మొదటి రెండు సంవత్సరాలు గట్టెక్కామని మా మరిది నిజాయితీగా చెప్పాడు. ఎర్రనేల గట్టిపడిపోవడం, కోతుల బెడద, కంది పంటకు పురుగు, అన్నీ చూశారు. అయినా కూర, పప్పు, చిరుధాన్యం, పండు ఇప్పుడు చాలావరకు తోటలోనే దొరుకుతున్నాయి.

ఈ పద్ధతికి పర్మాకల్చర్ అని పేరు. శాశ్వత వ్యవసాయం అని చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియా దేశపు టాస్మానియా ద్వీపంలో బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు ఈ భావనను రూపొందించి 1978లో గ్రంథంగా ప్రకటించారు. 1980ల చివరలో మొలిసన్ మన దేశానికి వచ్చి శిక్షణ ఇచ్చాడు. తెలంగాణలో కొప్పుల నరసన్నగారి అరణ్య సంస్థ ఈ విద్యను రైతులకు నేర్పుతూ వస్తున్నది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం హైదరాబాదులో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం విస్తరిస్తున్నది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారంలో భాగం లభించింది. మా చెల్లెలి తోటలో ఈ రెండు మార్గాలూ కలిసే ఉన్నాయి.

తోటను వలయాలుగా విభజించుకోవడం ఇందులో ముఖ్యసూత్రం. రోజూ నాలుగుసార్లు అవసరమయ్యేది గుమ్మం పక్కన, ఏడాదికి ఒకసారి అవసరమయ్యేది దూరాన ఉండాలి. అందుచేత వంటింటి మెట్టు దిగగానే తులసి, అల్లం, పసుపు, వాము ఆకు, కరివేపాకు, పుదీన, సరస్వతి ఆకు. దాని ఆవల కూరమళ్ళు, కోళ్ళ గూడు. తరువాత ఉసిరి, మునగ, జామ, బొప్పాయి, అరటి. ఆపైన కంది, చోడి, నువ్వు, పెసర పండే చేను. ఆఖరున వేప, కానుగ, సరుగుడు. చివరి మూలను ఎవరూ తాకరు. పక్షులకు, పాములకు వదిలేశారు. గిన్నెలు కడిగిన నీరు అరటిచెట్ల మధ్య తవ్విన గుంతలోకి పోతుంది. అందుకని అక్కడ సబ్బుపొడి వాడరు, బూడిద, కుంకుడు రసం వాడతారు.

ఈ అమరిక చూసినప్పుడు నాకు తోచినది ఇది: మన పాత పెరటి ఇల్లు కూడా ఇదే కదా! బావి దగ్గర అరటి, పళ్ళెం కడిగిన చోట బచ్చలి, గుమ్మం ముందు తులసి, దొడ్డి చివర వేప. పేరు కొత్తది గాని, మన నాయనమ్మలకు ఈ పద్ధతి కొత్తది కాదు.

హేమంతంలో శరీరంలో జరిగేదేమిటి?

మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలోను, వాగ్భటుని అష్టాంగ హృదయం సూత్రస్థానం 3వ అధ్యాయంలోను ఋతుచర్య వివరించబడింది. వాటి సారాంశం ఇది. బయటి చలి శరీరపు వేడిని లోపలికి నెట్టివేస్తుంది. ఆవము లోపలి నిప్పువలె జఠరాగ్ని బలపడుతుంది. బరువైన ఆహారాన్ని కూడా జీర్ణం చేయగల శక్తి ఈ కాలంలో ఉంటుంది. కనుక తీపి, పులుపు, ఉప్పు రుచులు గలిగి, నెయ్యి, నూనెలతో కూడిన వేడి ఆహారం తీసుకోవలెను. నూనె అభ్యంగనం, వేడినీటి స్నానం, తగిన వ్యాయామం, ఎండ, వెచ్చని పడక హితం. చల్లని గాలి, చల్లని పానీయం, అతి తక్కువ ఆహారం అహితం.

ఇందులో అందరూ గుర్తుంచుకునే మాట అగ్ని బలం. అందరూ మరచిపోయే మాట ఇంకొకటి ఉంది. బలమైన అగ్నికి తగిన ఇంధనం అందకపోతే అది శరీరధాతువులనే దహిస్తుందనీ, అప్పుడు వాతం ప్రకోపిస్తుందనీ ఆచార్యులు హెచ్చరించారు. ఈ రెండవ మాటను నేను ఎన్నోసార్లు చదివాను. సబ్బవరం వెళ్ళేదాకా దాని అర్థం నాకు తెలియలేదు.

తోటలో దినచర్య

అక్కడ అందరూ తెల్లవారుఝామున 5 గంటలకే లేస్తారు. పొగమంచు కొబ్బరిమట్టల మీదనుండి బొట్లు బొట్లుగా రాలుతూ ఉంటుంది. గోరువెచ్చని నీరు త్రాగి, కాలకృత్యాలు తీర్చుకొని, వేపపుల్లతో దంతధావనం. ఆ వెంటనే పనిలో దిగరు. ఒంటికి నువ్వులనూనె రాసుకొని, అరగంట చిన్నపనులు చేసుకొని, కట్టెలపొయ్యి మీద కాచిన నీటితో స్నానం చేస్తారు.

6 గంటలకు గ్లాసెడు చోడి అంబలి. మన ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటాము, ఇతర ప్రాంతాలలో రాగులు అంటారు. రాత్రి పిండి కలిపి పులియబెట్టి, ఉదయం కాచి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలిపి ఇస్తారు. 6.30కు పని. ఒక రోజు పశువులపాక శుభ్రం చేయడం, ఒక రోజు కందికాయ కోత, మరొక రోజు చిక్కుళ్ళు, వంగ కోయడం. ఎండుటాకులు, వరిగడ్డి తెచ్చి మొక్కల మొదళ్ళలో జానెడు మందాన కప్పడం నిత్యకృత్యం. చలికి మనకు దుప్పటి ఎలాగో నేలకు ఈ ఆచ్ఛాదన అలాగ. తేమ పోదు, వానపాములు పైకి వస్తాయి.

పిల్లలకు సెలవులు కనుక వారికీ పనులు ఉన్నాయి. గుడ్లు ఏరడం, విత్తనాలను బూడిదలో కలిపి సీసాలకెత్తడం, గొబ్బెమ్మలకు పేడ తేవడం. నా మనుమడు మొదటి రెండు రోజులు టీవీ లేదని ముఖం మాడ్చుకున్నాడు. మూడో రోజుకు కోళ్ళకు పేర్లు పెట్టాడు.

ఒకనాడు జీవామృతం కలపడం చూశాను. 200 లీటర్ల నీటి పీపాలో ఆవుపేడ 10 కిలోలు, గోమూత్రం 5 నుండి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు, గట్టు మట్టి పిడికెడు వేసి, రోజూ కర్రతో కలియతిప్పుతూ 48 గంటలు నీడలో ఉంచుతారు. ఇది ఎకరానికి సరిపోతుంది. "బెల్లం ఎందుకు?" అని అడిగాను. "సూక్ష్మజీవులు పనిచేయాలంటే ముందు వాటికి తిండి పెట్టాలి గదా, వదినా" అన్నాడు మరిది. అనకాపల్లి బెల్లంలో రంగు మారి అమ్మకానికి పనికిరానిది తక్కువ ధరకు దొరుకుతుందట. ఆ మాట అప్పుడు నవ్వుతూ విన్నాను.

9.30కు పని ముగించి, 10 గంటలకు ఉదయ భోజనం. గంటె సంకటి లేదా చోడి రొట్టె, ఆకుకూర పప్పు, నెయ్యి. మధ్యాహ్నం 1.30కు అన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, చిక్కుడు కూర, ఉసిరి పచ్చడి. పగటినిద్ర లేదు. సాయంత్రం ఎండలో కూర్చొని కందులు విసరడం, నువ్వులు చెరగడం. 7 గంటలకు రాత్రి భోజనం, 9కి పడక. ఈ దినచర్య ఆరోగ్యవంతులకు ఎంత మేలో చెప్పనలవి కాదు. నా మోకాళ్ళ బిగువు నాలుగు రోజుల్లో తగ్గినట్లు అనిపించింది.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మావారు ఉదయం ఇడ్లీ తినబోయే ముందు మధుమేహపు మాత్ర వేసుకుంటారు. అందులో మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమెపిరైడ్ అనే మందు ఉంది. ఇంటి దగ్గర 8 గంటలకు మాత్ర, వెంటనే ఫలహారం. తోటలోనూ ఆయన 8 గంటలకే మాత్ర వేసుకున్నారు. కానీ భోజనం 10 గంటలకు. పైగా ఆయనకు పని మీద ఉత్సాహం. ఉక్కు కర్మాగారంలో బ్రతికిన మనిషి, చేతిలో గునపం చూస్తే ఊరుకోలేరు. వచ్చే వర్షాకాలానికి నీరు నిలిచేందుకు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వుతుంటే తానూ దిగారు.

వీటికి తోడు నేనొక ఘనకార్యం చేశాను. తోటలో లేత కాకరకాయలు చూసి, "మందులు లేని చోటు, మంచి అవకాశం" అనుకొని, ప్రతి ఉదయం పరగడుపున కాకర రసం ఇవ్వడం మొదలుపెట్టాను. అంబలి కూడా సగం గ్లాసుకు తగ్గించాను. పిండిపదార్థం తగ్గితే చక్కెర తగ్గుతుందని నా లెక్క. చక్కెర కొలిచే గ్లూకోమీటరు గాజువాకలోనే బీరువాలో ఉండిపోయింది.

నాలుగవ రోజు పని సాగింది. 10 దాటినా ఎవరూ పైకి రాలేదు. 10.30 ప్రాంతంలో మావారు గట్టుమీద కూర్చున్నారు. దగ్గరకు వెళితే, ఆ చలిలోనూ చొక్కా తడిసి ఉంది. చేతులు వణుకుతున్నాయి. "ఏమండీ, ఏమైంది?" అంటే విసుగ్గా ఏదో అన్నారు, మాట ముద్దగా వచ్చింది. ఆయన నన్ను అలా కసురుకొనే మనిషి కాదు.

"అక్కయ్యా, బావగారికి సుగరు ఎక్కువైనట్లుంది. నిన్న అరిసె తిన్నారు" అంది చెల్లెలు. నాకూ అదే తోచింది. మెంతులు నానబెట్టిన నీళ్ళు తెద్దామని వంటింటి వైపు అడుగు వేశాను కూడా. ఆ అడుగు ఈనాటికీ నన్ను వెంటాడుతూనే ఉంది.

కంది కోతకు వచ్చిన ఒక ముసలమ్మ ఆయన చేయి పట్టి చూసి, "బాబుగోరు పొద్దున్నించి ఏటి తిన్నారమ్మా?" అని అడిగింది. నేను చెప్పాను. "గునపం ఎత్తినోడికి అదేటి తిండమ్మా? మా ఇంటాయనకీ ఇలాగే ఒళ్ళు సెమట్లు పట్టీసింది. బెల్లం నీళ్ళు ఎట్టండి" అంది.

ఆ ప్రశ్న పాఠాలు చెప్పిన నాకు రావలసింది. మాత్ర వేసుకున్నారు, తిండి లేదు, శ్రమ చేశారు, దాని మీద కాకర రసం. ఇక చక్కెర పెరిగే దారి ఏది? జీవామృతం కోసం తెచ్చిన బెల్లం అక్కడే పీపా పక్కన ఉంది. మంచి ముక్క చూసి నీటిలో కరగదీసి, ఆయన స్పృహలో ఉన్నారని, మింగగలుగుతున్నారని చూసుకొని, కొద్దికొద్దిగా త్రాగించాము. పక్క ఇంటివారు తమ గ్లూకోమీటరు తెచ్చేసరికి కొంత త్రాగారు. అప్పటికీ 54 చూపింది. పావుగంటకు 81. మాట తేటపడింది. వెంటనే అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపి తినిపించాము. సాయంత్రం అనకాపల్లి తీసుకువెళ్ళి వైద్యునికి చూపించాము. ఆయన మాత్ర మోతాదు మార్చి, కాకర రసం ఆపించి, ఈ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది కనుక ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ పరీక్షించమని చెప్పాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

శాస్త్రం ఏం చెప్పింది? నేను ఏం విన్నాను?

మరునాడు గ్రంథం తిరిగి తెరిచాను. బలమైన అగ్నికి ఇంధనం లేకపోతే ధాతువులను దహిస్తుందన్న హెచ్చరిక అక్కడే ఉంది. శాస్త్రకారులు గ్లిమెపిరైడ్ గురించి చెప్పలేదు. కానీ శ్రమకు తగిన ఆహారం లేకపోతే శరీరం కూలుతుందన్న సూత్రం చెప్పారు. నేను "అగ్ని బలంగా ఉంది" అన్నది మాత్రమే విని, "ఇంధనం వేయి" అన్నది వదిలేశాను.

వ్యాయామం విషయంలోనూ అంతే. హేమంతంలో, వసంతంలో బలవంతులు కూడా తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని వాగ్భటుడు చెప్పాడు. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో శ్వాస తీయడం కనబడితే అర్ధశక్తి పూర్తయినట్లు. అక్కడ ఆగవలెను. సగం అన్నది బలవంతులకు. మనవంటి కుర్చీ మనుషులకు ఇంకా తక్కువ.

మూడవది మరీ ముఖ్యం. ప్రమేహ చికిత్సలో చరకుడు రోగులను రెండు విధాలుగా విభజించాడు. స్థూలకాయులు, బలవంతులైనవారు ఒకరు. కృశించినవారు, దుర్బలులు మరొకరు. మొదటివారికి శోధనం, రెండవవారికి శరీరాన్ని పోషించే చికిత్స. మావారు సన్ననివారు. అందరికీ ఒకే చిట్కా అన్నది ఆయుర్వేదం కాదు. అది మన తొందరపాటు.

మధుమేహం ఉన్న ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

చక్కెర పడిపోయిన లక్షణాలు: హఠాత్తుగా చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, గుండెదడ, కళ్ళు మసకబారడం, కారణం లేని కోపం, తడబడే మాట. చలికాలంలో చెమట పడితే ముందుగా ఇదే అనుమానించవలెను.

చేయవలసినది: గ్లూకోమీటరులో 70 మి.గ్రా. కంటే తక్కువ ఉంటే, లేదా కొలిచే సాధనం లేక అనుమానం బలంగా ఉంటే, 3 చిన్న చెంచాల చక్కెర లేదా గ్లూకోజు పొడి, అది లేకపోతే చిన్న నిమ్మకాయంత బెల్లం నీటిలో కరిగించి ఇవ్వవలెను. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడవలెను. తగ్గకపోతే మరొకసారి ఇవ్వవలెను. కోలుకున్న వెంటనే అన్నమో, రొట్టెయో తినిపించవలెను.

చేయరానిది: స్పృహ లేనివారి నోట్లో నీరు గాని, బెల్లం గాని పోయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

కాకర రసం, మెంతులు, పొడపత్రి వంటివి చక్కెరను తగ్గించగలవు. కనుకనే మాత్రలతోనో, ఇన్సులిన్‌తోనో కలిసినప్పుడు మితిమీరి తగ్గించవచ్చు. వైద్యునికి చెప్పకుండా వాటిని మొదలుపెట్టరాదు. మాత్రలను మనంతట మనం మానరాదు. పండుగకో, ప్రయాణానికో, పొలానికో వెళ్ళేటప్పుడు భోజనవేళ మారుతుంది గనుక మాత్ర వేళ గురించి ముందే అడిగి వెళ్ళవలెను. జేబులో చక్కెర పొట్లం, సంచిలో గ్లూకోమీటరు ఉండవలెను.

హేమంతానికి తోటలో వాడిన గృహయోగాలు

1. అభ్యంగనం: నువ్వులనూనె గోరువెచ్చగా చేసి తల, చెవుల వెనుక, అరికాళ్ళకు ముఖ్యంగా, తరువాత ఒళ్ళంతా రాయవలెను. అరగంట తరువాత పెసరపిండి, చిటికెడు పసుపు కలిపిన నలుగుతో రుద్ది వేడినీటి స్నానం చేయవలెను. జ్వరం, అజీర్ణం, కఫంతో కూడిన జలుబు ఉన్నవారు అభ్యంగనం మానవలెను. మధుమేహం ఉన్నవారు కాలివేళ్ళ మధ్య తడి, నూనె లేకుండా తుడుచుకోవలెను.

2. జలుబుకు కషాయం: తులసి ఆకులు 8, దంచిన అల్లం చిన్న ముక్క, మిరియాలు 3, రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగిలేదాకా కాచి వడగట్టవలెను. పెద్దలు అరగ్లాసు చొప్పున ఉదయం, సాయంత్రం పుచ్చుకోవచ్చు. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు తగ్గించవలెను. ఏడాది నిండని పిల్లలకు ఏ రూపంలోనూ తేనె పెట్టరాదు. పసిపిల్లలకు శ్వాస వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగురుతున్నా కషాయాలతో కాలం గడపక వైద్యుని చేరవలెను.

3. చోడి అంబలి: చోడిపిండి 3 చెంచాలు నీటిలో జారుగా కలిపి రాత్రంతా ఉంచి, ఉదయం మరిగే నీటిలో పోసి కలియబెడుతూ ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలపవలెను. చోళ్ళలో సున్నం అధికంగా ఉంటుంది గనుక ఎముకలకు మేలు. ఇది పిండిపదార్థమే గనుక మధుమేహం ఉన్నవారు మోతాదు చూసుకోవలెను. శ్రమ చేసేవారికి గ్లాసెడు పలచని అంబలి మాత్రమే చాలదన్నది మా అనుభవం.

4. ఉసిరి: ఈ కాలంలో దొరికే పెద్ద ఉసిరికాయ రోజుకు ఒకటి, పచ్చిగానో పచ్చడిగానో భోజనంతో తీసుకోవచ్చు. ఉప్పు, నూనె ఎక్కువగా ఉండే ఊరగాయ రక్తపోటు ఉన్నవారికి తగదు.

5. కీళ్ళ బిగువుకు: వావిలి ఆకులు నీటిలో మరిగించి, ఆ నీటిలో గుడ్డ ముంచి పిండి, చర్మం ఓర్చగల వేడిలో కాపడం పెట్టవలెను. మధుమేహంతో పాదాలలో స్పర్శ తగ్గినవారు ఈ కాపడం పాదాలకు పెట్టరాదు. కాలినా తెలియదు.

6. మడమల పగుళ్ళకు: నువ్వులనూనెలో నాలుగోవంతు తేనెమైనం కరిగించి చల్లార్చిన లేపనం రాత్రిపూట రాయవలెను. పగులు లోతుగా ఉండి చీము పట్టితే వైద్యునికి చూపవలెను.

మరొక మాట. తోటలో తిప్పతీగ కంచెంతా అల్లుకొని ఉంది. కరోనా కాలంలో దానిని ఇష్టానుసారం సేవించినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆ తీగను పోలిన వేరొక జాతి కూడా ఉంది. తీగను గుర్తించడం, మోతాదు నిర్ణయించడం తెలిసినవారి పని. కంచె మీద ఉన్నదల్లా కషాయానికి కాదు.

పండుగ రోజులు

14న భోగి. పాత టైర్లు, ప్లాస్టిక్ వేయకుండా ఎండు కొమ్మలు, తాటిమట్టలు, పిడకలతోనే మంట వేశారు. ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయనను గాలికి ఎదురుగా, దూరంగా కూర్చోబెట్టారు. 15న అరిసెలు, 16న కనుమకు మినుపగారెలు. నువ్వు, బెల్లం, మినుము, నెయ్యి, ఇవన్నీ హేమంతంలో బలమైన అగ్నికి ఇంధనమే. మన పండుగ వంటలు ఋతుచర్య తెలిసినవారు కూర్చినవే అనిపిస్తుంది. అయితే అవి గట్టున కూర్చున్నవారికి కాక, చేలో పంట కోసి నూర్చినవారికి ఏర్పడినవి. శ్రమ లేకుండా అరిసెలు, అరిసెలు లేకుండా శ్రమ, రెండూ అపథ్యమే.

మావారు ఆ మూడు రోజులూ పని మానలేదు. 8 గంటలకే రొట్టె తిని, వైద్యుడు చెప్పిన మాత్ర వేసుకొని, గునపం బదులు కొడవలి పట్టి గంటసేపు చిక్కుళ్ళు కోశారు. నుదుట చెమట కనబడగానే ఆ ముసలమ్మే, "ఇక చాలు బాబూ, గట్టెక్కండి" అని కేకవేసేది. ఆమె చరక సంహిత చదవలేదు. అర్ధశక్తి ఎక్కడ పూర్తవుతుందో మాత్రం ఆమెకు తెలుసు.

తిరిగి గాజువాక వచ్చాక వంటింటి గుమ్మం పక్కన నాలుగు కుండీలు పెట్టాను. తులసి, అల్లం, వాము ఆకు, పుదీన. గ్లూకోమీటరు బీరువాలోనుండి తీసి పోపులపెట్టె పక్కన ఉంచాను. రోజూ అవసరమయ్యేది చేతికందే చోట ఉండాలన్న తోట సూత్రం దానికీ వర్తిస్తుంది. ఇప్పుడు ఎవరికి ఏ చిట్కా చెప్పవలసి వచ్చినా, ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: "ఏ మందులు వాడుతున్నారు? పొద్దుటినుండి ఏం తిన్నారు?" పాఠకులు కూడా ఈ రెండు ప్రశ్నలు అడిగిన తరువాతనే ఏ గృహయోగమైనా ఎదుటివారికి చెప్పవలసినదిగా మనవి.